పాత డిటెక్టివ్, కొత్త సీరియల్: తరుగెంత?



మీ సెల్‌ఫోన్ ఒక్కసారి చేతిలోకి తీసుకోండి. కింద, ఛార్జర్ పిన్ను గుచ్చే చోటు చూడండి. ఆ కన్నం చుట్టూ చిన్నచిన్న గీతలున్నాయా? ఉంటే కంగారుపడకండి. చీకట్లో తడుముకుంటూ ఛార్జింగ్ పెట్టడం మనందరికీ అలవాటే. కానీ లండన్‌లో, బేకర్ స్ట్రీట్‌లో ఒకాయనున్నాడు. ఆయన కంట పడిందంటే మాత్రం, ఈ ఫోన్ గలాయన తాగుతాడు, రాత్రిపూట చేతులు వణుకుతాయి అని తేల్చేస్తాడు.

ఆయనెవరో మీకు తెలిసే ఉంటుంది. షెర్లాక్ హోమ్స్. మరి హోమ్స్ రోజుల్లో సెల్‌ఫోన్ ఎక్కడిది అంటారా? ఇవాళ మనం మాట్లాడుకునేది సరిగ్గా దాని గురించే. వందేళ్ళు దాటిన డిటెక్టివ్ కథల్ని ఇప్పటి కాలానికి మార్చి సీరియల్స్ తీస్తున్నారు కదా. వాటిని ఎలా చూడాలి? మార్పు బాగుందో లేదో మనకి ఎలా తెలుస్తుంది? దానికి ఒక చిన్న కిటుకు ఉంది. అది చెబుతాను. ముందే ఒక మాట. చెప్పే క్రమంలో కొన్ని కథల గుట్టు విప్పేస్తాను. 1887 నాటి కథలో హంతకుడెవరో ఇంకా దాచడం నా వల్ల కాదు.

2010 జులై 25న బీబీసీలో 'షెర్లాక్' అనే సీరియల్ మొదలైంది. స్టీవెన్ మొఫాట్, మార్క్ గాటిస్ అని ఇద్దరు రచయితలు. 'డాక్టర్ హూ' అనే సీరియల్‌కి రాస్తూ, లండన్ నుంచి కార్డిఫ్‌కి రైల్లో తిరుగుతూ, ఆ కబుర్లలో ఈ ఆలోచన చేశారు. బెనెడిక్ట్ కంబర్‌బాచ్ హోమ్స్. మార్టిన్ ఫ్రీమన్ డాక్టర్ వాట్సన్. కాలం 2010. ఊరు మాత్రం అదే లండన్.

మొదటి ఎపిసోడ్‌లో ఆ ఫోన్ సీను ఉంది. వాట్సన్ దగ్గర ఖరీదైన ఫోన్ ఉంటుంది. హోమ్స్ దాన్ని చూసీ చూడగానే చెప్పేస్తాడు. నువ్వు చవగ్గా దొరికే వాటా ఇల్లు వెతుక్కుంటున్న మనిషివి. ఇంత డబ్బు ఫోన్ మీద పెట్టవు. ఇది నీకు ఇంకొకరిచ్చింది. ఒళ్ళంతా గీతలు పడ్డాయి, అంటే తాళాలు, చిల్లర వేసుకునే జేబులోనే దీన్నీ పడేసేవాళ్ళు. వెనక హ్యారీ వాట్సన్ అని పేరు చెక్కించి ఉంది, పక్కన క్లారా అని బహుమతి ఇచ్చిన మనిషి పేరు. కాబట్టి హ్యారీ నీ అన్న. ఛార్జింగ్ కన్నం చుట్టూ గీతలు. కాబట్టి తాగుబోతు.

ఇప్పుడు అసలు కథకి వెళ్దాం. ఆర్థర్ కోనన్ డాయల్ 1890లో రాసిన 'ద సైన్ ఆఫ్ ఫోర్'. మొదటి అధ్యాయం. అక్కడ ఫోన్ లేదు, వాట్సన్ అన్నగారి జేబు గడియారం ఉంది. ఆ కాలం గడియారానికి కీ ఇవ్వాలంటే, మూత తీసి, లోపలి కన్నంలో బుల్లి తాళంచెవి పెట్టి తిప్పాలి. రోజూ రాత్రి పడుకునే ముందు చేసే పని అది. ఆ కన్నం చుట్టూ గీతలున్నాయి. తాగి ఉన్న మనిషి చేయి వణికి, తాళంచెవి పక్కకి జారి, గీత పడింది. ఎన్నో రాత్రులు. ఎన్నో గీతలు.

చూశారా? గడియారం పోయింది, ఫోన్ వచ్చింది. పని మాత్రం పోలేదు. రోజూ రాత్రి, నిద్రకి ముందు, మనిషి తన చేత్తో చేసే చిన్న పని. చేయి వణికితే ఆనవాలు మిగిలిపోయే పని. 1890లో అది గడియారానికి కీ ఇవ్వడం. 2010లో ఫోన్‌కి ఛార్జింగ్ పెట్టడం. ఈ రెండూ ఒకటే అని కనిపెట్టిన వాడి బుర్రకి దణ్ణం పెట్టొచ్చు.

ఇప్పుడు కిటుకు చెబుతాను. మనిళ్ళల్లో అమ్మమ్మ కాసులపేరు చెరిపించి, మనవరాలికి హారం చేయిస్తాం. కాసులు పోతాయి. కొత్త డిజైను వస్తుంది. దానికి ఎవరూ బాధపడరు. కానీ కంసాలి ముందు కూర్చున్న అమ్మ ఒక్కటే అడుగుతుంది. తరుగెంత? ఇచ్చిన బంగారం ఎంత, చేతికొచ్చిన బంగారం ఎంత? పాత కథని మార్చి తీసిన సీరియల్ చూసేటప్పుడు మనం అడగాల్సిందీ అదే. కథలో పాత వస్తువు చేసిన పనేమిటి? కొత్త వస్తువు ఆ పని చేస్తోందా? చేస్తుంటే బంగారం భద్రం. చేయకపోతే తరుగు.

ఆ గడియారం సీనులోనే కొంచెం తరుగుంది, చూడండి. డాయల్ కథలో గడియారం మూత లోపల ఇంకో ఆనవాలుంది. ఇంగ్లండులో తాకట్టు వ్యాపారులు గడియారం తాకట్టు పట్టుకుంటే, రసీదు నంబరు సూదితో మూత లోపల గీకేవాళ్ళు. హోమ్స్ భూతద్దంలో చూస్తే అలాంటివి నాలుగైనా కనిపించాయి. అంటే ఆ అన్నగారు పదేపదే తాకట్టు పెట్టాడు. చేతిలో డబ్బాడినప్పుడు విడిపించుకున్నాడు. ఒక మనిషి బతుకంతా ఆ నాలుగు నంబర్లలో ఉంది. ఫోన్‌కి అది కుదరదు. వదిలేశారు.

కానీ బదులుగా ఇంకోటి చేర్చారు. హోమ్స్ అంతా చెప్పాక వాట్సన్ అంటాడు, హ్యారీ అంటే హ్యారియట్, మా అక్క అని. హోమ్స్ లెక్క అక్కడ తప్పింది. డాయల్ హోమ్స్ ఆ సీనులో ఒక్క అక్షరం తప్పడు. టీవీ హోమ్స్ తప్పుతాడు. ఇది నాకు నచ్చింది. ఇవాళ్టి ప్రేక్షకుడు అన్నీ తెలిసిన మనిషిని నమ్మడు. తొమ్మిది సరిగ్గా చెప్పి పదోది తప్పితే నమ్ముతాడు.

ఇంకో వస్తువు చూద్దాం. టెలిగ్రాం. మన ఇళ్ళల్లో టెలిగ్రాం అంటే గుండెల్లో రాయి. పోస్టుమాన్ వేళగాని వేళ వచ్చాడంటే ఎవరో పోయారనే. మన దేశంలో 2013 జులైలో ఆ సర్వీసే ఆపేశారు. కానీ హోమ్స్‌కి టెలిగ్రాం అంటే మహా ఇష్టం. టెలిగ్రాంతో పనవుతుందంటే ఉత్తరం రాయడు. ఎందుకంటే టెలిగ్రాంలో మాటకింత అని డబ్బు. పొడిపొడిగా నాలుగు మాటలు, అంతే. మర్యాదలు, క్షేమ సమాచారాలు ఉండవు. అది ఆయన స్వభావానికి సరిపోయింది.

మరి ఇప్పటి హోమ్స్ ఏం చేస్తాడు? ఫోన్ చేసి మాట్లాడడు. మెసేజ్ పెడతాడు. మొదటి ఎపిసోడ్‌లో పోలీసులు విలేకరుల సమావేశం పెడతారు. ఇన్‌స్పెక్టర్ లెస్ట్రేడ్ ఏదో చెబుతుంటాడు. ఒక్కసారిగా గదిలో అందరి ఫోన్లూ మోగుతాయి. అందరికీ ఒకే మెసేజ్. తప్పు. ఇంకో ముక్క. మళ్ళీ తప్పు. పంపింది హోమ్స్. ఆ అక్షరాల్ని గాల్లో తేలుతున్నట్టు తెర మీద చూపించారు. రేడియోలో ఆ సదుపాయం నాకు లేదు, మీరే ఊహించుకోండి. ఇక్కడ తరుగు గురివింద గింజంత కూడా లేదు. ఎందుకంటే డాయల్ రాసిన హోమ్స్ పాతకాలం మనిషి కాడు. తన కాలానికి అతి కొత్త మనిషి. రైళ్ళు, టెలిగ్రాములు, రసాయన పరీక్షలు, అప్పటికి ఏది కొత్తగా వస్తే అది వాడేవాడు. మనకి పాతగా కనిపించేది ఆయన కాదు, ఆయన చుట్టూ ఉన్న గుర్రబ్బండ్లు.

కొన్నిచోట్ల అసలు మార్చాల్సిన పనే పడలేదు. డాయల్ వాట్సన్ సైన్యంలో డాక్టరు. 1880లో అఫ్ఘానిస్తాన్‌లో, మైవాండ్ యుద్ధంలో తూటా తగిలి లండన్ వచ్చాడు. టీవీ వాట్సన్ కూడా సైన్యంలో డాక్టరే. అతనూ అఫ్ఘానిస్తాన్‌లోనే గాయపడి వచ్చాడు. 130 ఏళ్ళు గడిచినా బ్రిటన్ సైనికులు మళ్ళీ అక్కడే ఉన్నారు. రచయితలు ఒక్క అక్షరం దిద్దలేదు. చరిత్రే వాళ్ళకి ఆ సాయం చేసింది. దాన్ని సాయం అనడానికి మనసొప్పదనుకోండి.

ఇప్పుడు ఇంకో రకం చిక్కు. కొత్త వస్తువు పాతదాని కన్నా బాగా పనిచేస్తే ఏమవుతుంది?

డాయల్ 1891లో 'ఎ కేస్ ఆఫ్ ఐడెంటిటీ' అని ఒక కథ రాశాడు. మేరీ సదర్లాండ్ అనే అమ్మాయి. టైపు చేసి సంపాదించుకుంటుంది. పైగా చనిపోయిన బాబాయి డబ్బు మీద ఏడాదికి 100 పౌండ్ల వడ్డీ వస్తుంది. ఆ డబ్బు ఇంట్లో ఇస్తోంది. ఆమెకి మారుతండ్రి ఉన్నాడు. పిల్ల పెళ్ళి చేసుకుపోతే 100 పౌండ్లూ పోతాయని అతని బాధ. అందుకని ఏం చేశాడు? తనే మారువేషం వేశాడు. రంగు కళ్ళద్దాలు, గుబురు మీసాలు, చిన్నప్పుడు గొంతుకి జబ్బు చేసిందని గుసగుసగా మాట్లాడటం. హాస్మర్ ఏంజెల్ అని పేరు పెట్టుకుని, సొంత మారుకూతుర్ని ప్రేమలోకి దింపాడు. ఆమెకి చూపు తక్కువ. ఉత్తరాలు టైపు చేసి పంపేవాడు. చివర సంతకం కూడా టైపే. పెళ్ళిరోజు చర్చికి వెళ్తూ వెళ్తూ మాయమైపోయాడు. ఏం జరిగినా తనకోసం ఎదురుచూస్తానని ముందే ఆమె చేత ఒట్టు వేయించుకున్నాడు. ఇంకేముంది, పిల్ల ఇంట్లోనే ఉంటుంది. 100 పౌండ్లూ ఇంట్లోనే ఉంటాయి.

హోమ్స్ ఎలా పట్టుకున్నాడంటే టైపు మిషన్‌ని బట్టి. ఏ రెండు మిషన్ల అక్షరాలూ ఒకేలా అరగవు. ఒక అక్షరం అలుక్కుపోతుంది, ఇంకో అక్షరానికి తోక తెగుతుంది. మారుతండ్రికి ఏదో సాకు మీద ఉత్తరం రాసి, జవాబు తెప్పించుకుని, రెండూ పక్కపక్కన పెట్టి చూశాడు. దొరికాడు.

ఇదే కథని 2014 జనవరి 1న వచ్చిన ఎపిసోడ్‌లో వాడుకున్నారు. మారుతండ్రి ఇంటర్నెట్‌లో ప్రియుడిలా నటించాడు. అంతే. కళ్ళద్దాలు అక్కర్లేదు, మీసాలు అక్కర్లేదు, గొంతు మార్చక్కర్లేదు. కథంతా ఒకే ఒక్క చిన్న సీను. హోమ్స్ గుక్క తిప్పుకోకుండా చెప్పేసి పంపేస్తాడు.

ఎందుకంత చిన్న సీను చేశారు? నాకేమనిపిస్తుందంటే, మోసం మరీ సులువైపోయింది. 1891లో ఆ మారుతండ్రి పడిన పాట్లలోనే కథ ఉంది. పగలు రాలేడు, వెలుగులో కూర్చోలేడు, గట్టిగా మాట్లాడలేడు. ఆ ఇబ్బందుల్లోంచే క్లూలు పుట్టాయి. ఇప్పుడు దొంగ పేరుతో ఒక అకౌంటు తెరవడానికి రెండు నిమిషాలు. ఇబ్బంది లేని చోట క్లూ లేదు. క్లూ లేని చోట డిటెక్టివ్ కథ లేదు. పాత డిటెక్టివ్ కథల్ని ఇప్పటి కాలానికి తెచ్చేవాళ్ళకి అసలు గండం ఇదే. ఎవరెక్కడున్నారో ఫోన్ చెప్పేస్తుంది. ఎవరెవరో కెమెరా చెప్పేస్తుంది. కాబట్టి కథకి ఇబ్బందిని కొత్తగా పుట్టించాలి.

ఇక తరుగు ఎక్కువగా పోయిన చోటికి వద్దాం. ఇక్కడ నాకు కాస్త కోపం కూడా ఉంది.

1891 జులైలో స్ట్రాండ్ పత్రికలో 'ఎ స్కాండల్ ఇన్ బొహీమియా' వచ్చింది. ఐరీన్ ఆడ్లర్ అనే గాయని దగ్గర ఒక ఫొటో ఉంది. బొహీమియా రాజు, ఆమె కలిసి దిగిన ఫొటో. రాజుకి వేరే చోట పెళ్ళి కుదిరింది. ఫొటో తెచ్చిపెట్టమని హోమ్స్‌ని అడిగాడు. హోమ్స్ పాదిరీ వేషంలో ఆమె ఇంట్లో చొరబడ్డాడు. కిటికీలోంచి వాట్సన్ పొగబాంబు విసిరి, మంటలు మంటలు అని అరిచాడు. ఇల్లు తగలబడుతుంటే మనిషి ముందు దేని దగ్గరికి పరిగెత్తుతుంది? అన్నిటికన్నా విలువైన దాని దగ్గరికి. ఐరీన్ కూడా ఫొటో దాచిన గోడ అర దగ్గరికే వెళ్ళింది. హోమ్స్‌కి చోటు తెలిసిపోయింది.

2012 జనవరి 1న టీవీలో ఇదే కథ. ఫొటో ఇప్పుడు ఫోన్‌లో ఉంది. ఫోన్‌కి తాళం ఉంది. పొగబాంబుకి బదులు, వాట్సన్ ఒక పత్రిక అంటించి పొగ అలారం మోగించాడు. ఆమె కళ్ళు అద్దం వైపు తిరిగాయి. అద్దం వెనక ఇనప్పెట్టె. ఇంతవరకూ మేలిమి పనితనం. పాత వస్తువు చేసిన పని కొత్త వస్తువు చేస్తోందా? చేస్తోంది.

మరి ముగింపు? డాయల్ కథలో గెలిచింది ఐరీన్. ఆ పాదిరీ ఎవరో ఆమె ఆ రాత్రే కనిపెట్టేసింది. తెల్లారి హోమ్స్, రాజు వెళ్ళేసరికి భర్తతో కలిసి దేశం దాటిపోయింది. ఫొటో తనతోనే పట్టుకుపోయింది. హోమ్స్‌కి ఒక ఉత్తరం, తన ఫొటో ఒకటి వదిలి వెళ్ళింది. రాజు బహుమానం ఇస్తానంటే హోమ్స్ ఆ ఫొటో చాలన్నాడు. ఓడిపోయానని ఒప్పుకుని గౌరవించాడన్నమాట.

టీవీలో ఏమైంది? ఆమెకి తన మీద ఇష్టం ఉందని నాడి పట్టుకుని కనిపెట్టి, హోమ్స్ ఫోన్ తాళం తీసేశాడు. ఆమె ఓడిపోయింది. అంతటితో ఆగలేదు. చివర కరాచీలో ఆమె మెడ మీద కత్తి పడబోతుంటే హోమ్సే వచ్చి కాపాడతాడు. 1891లో డిటెక్టివ్‌ని ఓడించి దర్జాగా వెళ్ళిపోయిన మనిషి, 2012కి వచ్చేసరికి ఏడుస్తూ ప్రాణభిక్ష అందుకునే మనిషైంది. వస్తువులన్నీ చక్కగా మార్చారు. ఆ కథకి ప్రాణమైనది చెయ్యి జారిపోయింది. కాలం ముందుకొచ్చింది, కథ వెనక్కి నడిచింది.

హంతకుడి విషయం కూడా చెప్పేస్తాను. హోమ్స్ మొదటి కథ 'ఎ స్టడీ ఇన్ స్కార్లెట్', 1887 నాటిది. హంతకుడు గుర్రబ్బండి తోలేవాడు. టీవీలో ట్యాక్సీ డ్రైవరు. ఊళ్ళో ఎక్కడ ఆగినా ఎవరూ పట్టించుకోని మనిషి. ముఖం చూడకుండానే నమ్మి బండెక్కుతాం. ఆ కాలంలో ఎంత నిజమో ఇప్పుడూ అంతే నిజం. రెండు చోట్లా రెండు మాత్రలు, ఒకటి విషం, ఒకటి కాదు, ఏది మింగాలో నువ్వే ఎంచుకో అంటాడు. రెండు చోట్లా అతనికి రక్తనాళం ఉబ్బే జబ్బు, ఎప్పుడైనా పోవచ్చు. కానీ పాత కథలో అతనికి పగ ఉంది. అమెరికాలో తను ప్రేమించిన అమ్మాయిని పోగొట్టుకున్న పగ, ఏళ్ళ తరబడి మోసిన పగ. పుస్తకంలో సగం దాని గురించే. టీవీలో అదంతా ఎత్తేశారు. ఎవరో వెనకుండి ఒక్కో చావుకీ ఇంత అని అతని పిల్లలకి డబ్బు పంపుతారట. నాకైతే అతకలేదు.

సరే, మనిషినే మార్చేస్తే? అమెరికాలో 2012 నుంచి 2019 దాకా 'ఎలిమెంటరీ' అని సీరియల్ వచ్చింది. 154 ఎపిసోడ్లు. ఊరు న్యూయార్క్. జానీ లీ మిల్లర్ హోమ్స్. డాక్టర్ వాట్సన్ ఆడమనిషి, పేరు జోన్. లూసీ లియు వేసింది. మొదట విన్నప్పుడు చాలామంది నొసలు చిట్లించారు. కానీ లెక్క వేసి చూడండి. డాయల్ హోమ్స్ కొకైన్ తీసుకుంటాడు. వాట్సన్ డాక్టరు కాబట్టి, స్నేహితుడు కాబట్టి, వద్దని పోరుతుంటాడు. 'ఎలిమెంటరీ'లో హోమ్స్ మత్తుమందు మానేసి అప్పుడే చికిత్స నుంచి బయటికొచ్చాడు. మళ్ళీ అందులో పడకుండా కనిపెట్టుకుని ఉండటానికి కుదిరిన మనిషి జోన్. ఒకప్పుడు సర్జన్. వాట్సన్ పని ఏమిటో ఆ రచయితలకి బాగా తెలుసు. చీర కట్టినా సూటు వేసినా ఆ పని జరిగింది.

అసలు నగ చెరిపించకుండా, మెరుగు పెట్టించి వేసుకునేవాళ్ళూ ఉన్నారు. డేవిడ్ సూషే 1989 నుంచి 2013 దాకా అగాథా క్రిస్టీ డిటెక్టివ్ పాయిరో వేషం వేశాడు. ఆ సీరియల్ 2000 దాటాక కూడా ఇప్పటి కాలానికి రాలేదు. క్రిస్టీ పాయిరో నవలలు 1920 నుంచి 1975 దాకా వచ్చాయి, వీళ్ళు చాలావాటిని 1930ల్లోకే లాక్కొచ్చారు. మన దూరదర్శన్‌లో 1993లో బాసు చటర్జీ తీసిన 'బ్యోమకేశ్ బక్షీ' కూడా అంతే. రజిత్ కపూర్ పంచె కట్టుకుని, కలకత్తా గదిలో కూర్చుని, తాపీగా ఆలోచిస్తాడు. హిందీ అంతంత మాత్రంగా వచ్చిన మన ఇళ్ళల్లోనూ ఆ సీరియల్ చూశారు. శరదిందు బంద్యోపాధ్యాయ్ రాసిన ఆ కథలకి ఫోన్లు, కెమెరాలు తగిలించాలని ఆ సీరియల్ తీసినవాళ్ళకి అనిపించలేదు. అనిపించకపోవడమే మంచిదైంది.

మన దగ్గరా బంగారం ఉంది. కొమ్మూరి సాంబశివరావు డిటెక్టివ్ యుగంధర్, ఆయన అసిస్టెంట్ రాజు. ఆ నవలల్ని అద్దెకి తెచ్చుకుని రాత్రికి రాత్రి చదివేసినవాళ్ళు ఈ ప్రసంగం వింటూ ఉంటారు. ఎవరైనా యుగంధర్‌ని ఇప్పటి కాలానికి తెస్తామంటే, చేతికి మంచి ఫోన్ ఇస్తే చాలదు. అప్పట్లో ట్రంక్ కాల్ దొరక్క ఆగిపోయిన సీను ఉంటే, ఇప్పుడు దేని దగ్గర ఆగాలో తేల్చుకోవాలి.

ఇక మీరు చేయాల్సింది ఒకటుంది. సీరియల్ చూసే ముందు కథ చదవండి. హోమ్స్ కథలు ఇంటర్నెట్‌లో ఉచితంగానే దొరుకుతాయి, తెలుగు అనువాదాలూ ఉన్నాయి. నేనైతే ఐరీన్ ఆడ్లర్ కథతో మొదలుపెట్టమంటాను. గంటలో అయిపోతుంది. ఇంట్లో ఇద్దరుంటే ఇంకా బాగుంటుంది. ఒకరు కథ చదవండి. రెండోవాళ్ళు చదవొద్దు. ఇద్దరూ కలిసి ఆ ఎపిసోడ్ చూడండి. అయ్యాక, గెలిచిందెవరు అని ఒకర్నొకరు అడగండి. ఇద్దరూ ఒకే పేరు చెబుతారని నేననుకోను.